నూటికి నూరు వచ్చిన ఫోను

ఆవిడ ఉద్యోగం ఇతరుల మాటలకు మార్కులు వేయడం. అత్యవసర ఫోన్ల కేంద్రంలో కింది అంతస్తు అంతా ఫోన్లెత్తేవాళ్ళు. పై అంతస్తులో, మెట్ల పక్క గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఈవిడ ఒక్కతే. వచ్చిన ఫోన్లను రికార్డులో వింటూ, ఇరవై రెండు గడులున్న కాగితం మీద టిక్కులు పెట్టి చివర మొత్తం వేస్తుంది. మూడు సెకన్లలో ఎత్తారా, చిరునామా రెండుసార్లు చదివి వినిపించారా, గొంతు పెంచారా, అక్కర్లేని మాటలు మాట్లాడారా అన్నవి ఆ గడులు. కిందివాళ్ళు ఎదురుపడితే మేడం అంటారు, వెనక మార్కులమ్మ అంటారు. ఆవిడకి రెండూ తెలుసు. పదకొండేళ్ళలో పక్షపాతం చూపిందని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆ సంగతి తలుచుకుని ఆవిడ లోలోపల మురిసిపోతుంది కూడా.

సోమవారం పొద్దున్నే డైరెక్టరుగారు పిలిపించారు.

"గురువారం శాసనసభ సంఘం ముందు కూర్చోవాలమ్మా. మన రికార్డుల్లోంచి ఒక మంచి కాల్ తియ్యండి. ఆణిముత్యంలా ఉండాలి."

ఎందుకో ఆయన చెప్పనక్కర్లేదు. నెల రోజులుగా ఆఫీసంతా ఆ బిల్లు గురించే మాట్లాడుతోంది. మనిషి స్పృహ తప్పాడు, ఊపిరి ఆడటం లేదు అని ఫోన్లో తెలిసిన మరుక్షణం, ఛాతీ ఎలా నొక్కాలో ఫోన్లోనే చెప్పి, అవతలివాళ్ళ చేత చేయించాలి. రాష్ట్రంలో ఫోనెత్తే ప్రతి ఉద్యోగికీ ఆ శిక్షణ ఇవ్వాలి. బిల్లు సారాంశం అంతే. ఇప్పుడున్న పద్ధతి దానికి సరిగ్గా తలకిందులు. చిరునామా రాసుకోవాలి, బండి పంపాలి, వైద్యం మాట ఎత్తకూడదు.

"మనవాళ్ళేమైనా డాక్టర్లా?" అన్నారు డైరెక్టరుగారు, పెన్ను మూత తీస్తూ పెడుతూ. "ఫోన్లో మనం ఒకటి చెప్తాం, అక్కడ వాడు ఎక్కడ నొక్కుతాడో ఎవడు చూశాడు? పక్కటెముక విరిగితే కోర్టు మెట్లెక్కేది మీరా నేనా? ఉన్న పద్ధతి బాగానే నడుస్తోందని వాళ్ళ చెవులతో వాళ్ళు వింటే చాలు. ఆ, వినిపించాలంటే ఇంట్లోవాళ్ళ సంతకం కావాలట. మర్యాదగా మాట్లాడి తీసుకురండి. మరీ విడమరచి చెప్పక్కర్లేదు."

ఏ కాల్ అని వెతుక్కునే పని లేదు. కేంద్రం మొత్తానికీ నూటికి నూరు వచ్చిన ఫోను ఒక్కటే. రెండేళ్ళ కిందటిది. ఎత్తిన పిల్ల అప్పటికి చేరి మూడు నెలలు. ఆ మార్కులతో ఆ పిల్లకి సెంచరీ అని పేరు పడిపోయింది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు వినిపించేది ఆ ఫోనే.

ఒప్పుకోలు కాగితంలో కాల్ ఎంతసేపు నడిచిందో రాయాలి. అందుకోసం మార్కులమ్మ గదిలోకి వచ్చి దాన్ని పెట్టుకుంది. కళ్ళ ముందు గడుల కాగితం లేకుండా ఆవిడ ఒక ఫోను వినడం అదే మొదటిసారి. ఎప్పుడూ కళ్ళు గడుల వెంట పోతుంటే చెవులు వాటికి కావలసిందే ఏరుకునేవి. ఇవాళ కళ్ళకి పని లేదు.

"మా ఆయన పడిపోయాడమ్మా. కుట్టు మిషన్ మీంచి పక్కకి ఒరిగిపోయాడు. పిలిస్తే పలకట్లేదు."

సెంచరీ చిరునామా అడిగింది, చదివి వినిపించింది, సందు మొదట్లో గుర్తేమిటని అడిగింది. ఊపిరి ఆడుతోందా అని అడిగింది.

"గురకలాగా ఒకటొచ్చి ఆగిపోయిందమ్మా. నేనేమైనా చెయ్యాలా?"

"బండి బయల్దేరిందమ్మా. మీరు లైన్లోనే ఉండండి."

రెండు నిమిషాల తర్వాత మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. అయిదో నిమిషం దాటాక ఆ గొంతు బాగా తగ్గిపోయింది. "నా చేతులు ఖాళీగానే ఉన్నాయి తల్లీ. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"మీరు ధైర్యంగా ఉండండమ్మా. వచ్చేస్తున్నారు."

తొమ్మిది నిమిషాల పది సెకన్లు. ఆ తర్వాత తలుపు చప్పుడు, బూట్ల చప్పుడు, అయిపోయింది.

మార్కులమ్మ పాత కాగితం తీసింది. అన్ని గడుల్లోనూ తన టిక్కులే. అడుగున, ముత్యాల్లాంటి అక్షరాలతో తనే రాసిన మాట ఉంది. "కాలర్ మూడుసార్లు అడిగినా వైద్య సలహా ఇవ్వలేదు. ఆదర్శం." అంటే ఆ రోజు వినపడలేదని బొంకడానికి కూడా లేదు. వినపడింది, లెక్కపెట్టింది, మెచ్చుకుంది. ఆ మనిషి బతికాడా పోయాడా అన్నది మాత్రం కాగితంలో లేదు. ఇరవై రెండు గడుల్లో దానికొక గడి లేదని ఆవిడకి పదకొండేళ్ళుగా తోచనే లేదు.

కుర్చీలోంచి లేచి సున్నాల బీరువా తెరిచింది. వైద్య సలహా గడిలో తప్పు పడితే మిగతా ఇరవై ఒకటీ లెక్కలోకి రావు, మొత్తం సున్నా. పెద్దక్క కాల్ అందులోనే ఉంది. పెద్దక్క అంటే కింది అంతస్తులో అందరికన్నా ముందు చేరిన మనిషి. ఏడాదిన్నర కిందట ఒక మగగొంతు, నాన్న పడిపోయాడని ఏడుస్తుంటే, పెద్దక్క బండి పంపి ఊరుకోలేదు.

"ఏడుపు తర్వాత నాయనా. ఫోను స్పీకర్లో పెట్టి నేల మీద పెట్టు. నాన్నని వెల్లకిలా తిప్పు. ఛాతీ నడిమధ్య అరచేయి మోపు, దాని మీద రెండో చెయ్యి. మోచేతులు వంచకు. నీ బరువంతా వేసి నొక్కు, వదులు. నాతోపాటు లెక్కపెట్టు. ఒకటి, రెండు, మూడు..."

ఆ లెక్క ఎనిమిది నిమిషాలు సాగింది. ఆ కాల్‌కి మార్కులమ్మ వేసింది సున్నా. ఆ సున్నాతో పెద్దక్కని ఫోను దగ్గర్నుంచి లేపి, వాహనాల షెడ్డులో తాళాల బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం ఇంట్లో మార్కులమ్మ మంచం మీద దిండు పెట్టుకుని రెండు చేతులూ మోపి చూసుకుంది. ఇరవైకే మోచేతులు వణికాయి. అత్తగారు గుమ్మంలోంచి చూసి, "దాన్నెందుకమ్మా అలా చంపుతున్నావ్? ఉన్న దూదే అంతంత మాత్రం" అంది. చంపడం కాదత్తయ్యా అనబోయి, ఊరుకుంది.

మంగళవారం మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళింది. బండ్లు ఎవర్ని ఎక్కించుకున్నాయో, చివరికి ఏమైందో డ్రైవర్లు రాసే ట్రిప్పు పుస్తకాలు అక్కడే ఉంటాయి. అవి పెద్దక్క స్వాధీనంలోనే ఉంటాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

పెద్దక్క ఆక్సిజన్ సిలిండర్లను వరసగా ఒంగి చూస్తూ, ముల్లు ఎంత చూపిస్తోందో సుద్దముక్కతో వాటి మీదే రాస్తోంది. వెనక గోడకి అరవై మేకులు, ప్రతి మేకుకీ నంబరు, నంబరుకొక తాళంచెవి.

"రండి మేడం. దారి తప్పారా?"

"నిన్ను చూసి చాలా రోజులైందని."

"ఏడాదిన్నర. పోన్లెండి, ఇప్పటికైనా బెంగ పుట్టింది. ఆ స్టూలు మీద కూర్చోండి. కాలొకటి పొట్టిది, చూసుకోండి."

మార్కులమ్మ కూర్చోలేదు. ట్రిప్పు పుస్తకం ఒకటి కావాలని, పాతదని, తేదీ ఇదని నసుగుతూ మొదలుపెట్టింది.

"తేదీ అక్కర్లేదు. కింది అరలో ఆకుపచ్చ అట్ట. నూట పద్నాలుగో పేజీ" అంది పెద్దక్క, సిలిండర్ మీంచి తలెత్తకుండా.

పేజీ దొరికింది. డ్రైవర్ కోడికాళ్ళ రాత. "మగ, అరవై ఒకటి. వెళ్ళేసరికి కొడుకు ఛాతీ నొక్కుతున్నాడు. దారిలో మృతి."

అమ్మయ్య అనుకుంది మార్కులమ్మ. నిజంగానే అనుకుంది. అతను బతికుంటే, ఒక ప్రాణం నిలబెట్టిన మనిషికి సున్నా వేసినదాన్నని జన్మంతా మోయాల్సి వచ్చేది. పోయాడు కాబట్టి తన సున్నా సున్నాగానే ఉంది. ఆ ఊపిరి పూర్తిగా వదిలేలోపే ఆవిడకి తన మీద తనకే సిగ్గేసింది. ఎవరో ఇంటి పెద్ద పోయాడని చదివి తేలికపడింది తను. సోమవారం నుంచీ ఈ పుస్తకం కోసం తపించింది నిజం తెలుసుకోవడానికి కాదు, ఈ నాలుగు ముక్కలు చదువుకోవడానికే.

పెద్దక్క సుద్దముక్క పక్కన పెట్టి ఆవిడ మొహం వంక చూసింది.

"ఊపిరి తీసుకోండి మేడం. మీ మార్కులు నిలబడ్డాయి."

"అది కాదు పెద్దక్కా..."

"పదిహేను రోజులకి ఆ కొడుకు వచ్చాడిక్కడికి. నన్ను ఇక్కడికి మార్చారని ఎవరు చెప్పారో. ఆ బల్ల దగ్గరే నిలబడ్డాడు. బండి ఎక్కించేదాకా నాన్న మీంచి చెయ్యి తియ్యలేదండీ, మీరు లెక్క ఆపలేదు అన్నాడు. కాసేపు ఏడ్చాడు, మంచినీళ్ళు తాగాడు, వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు బాగా నిద్రపట్టింది. వాడికీ పట్టే ఉంటుంది."

"నేనా రోజు అలా వేసి ఉండాల్సింది కాదు. నన్ను..."

"కాగితం ప్రకారం మీరు వేశారు. కాగితం ప్రకారం నేను చెయ్యలేదు. ఇందులో పోట్లాటేముంది?" పెద్దక్క చేతులకంటిన సుద్ద దులుపుకుంది. "క్షమాపణలు తగిలించడానికి ఇక్కడ మేకులు ఖాళీ లేవు మేడం. ఆ పుస్తకం ఉన్నచోటే పెట్టండి."

బుధవారం పదకొండు గంటలకి, ఒప్పుకోలు కాగితం సంచిలో పెట్టుకుని, రెండేళ్ళ కిందట సెంచరీ చదివి వినిపించిన చిరునామాకి వెళ్ళింది. సందు మొదట్లో ఫోన్లో చెప్పిన నీలం గేటు అలాగే ఉంది. ముందు గదే కుట్టు దుకాణం. రెండు మిషన్లు. ఒకదాని మీద దుప్పటి కప్పి, అంచులు బిగించి ఉంది. రెండోదాని దగ్గర టైలరమ్మ పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని, ఒక జాకెట్టు భుజం సరిచేస్తోంది.

ఫోన్ల ఆఫీసు నుంచి అనగానే ఆవిడ లేచి నిలబడింది. సూదులు తియ్యకుండానే, పళ్ళ సందుల్లోంచి, "ఆ అమ్మాయి బాగుందా అండీ?" అంది.

"బాగుందమ్మా."

"ఎంత నిదానంగా మాట్లాడిందో. విసుక్కోలేదు, ఫోను పెట్టెయ్యలేదు. కూర్చోండి." కుర్చీ మీది గుడ్డముక్కలు పక్కకి తోసింది. "మా ఆడపడుచు అప్పుడప్పుడూ దెప్పుతుందండీ, నువ్వేదో ఒకటి చెయ్యాల్సింది, అలా చూస్తూ కూర్చున్నావు అని. నేనంటాను, మూడుసార్లు అడిగాను వదినా, వాళ్ళు రోజూ ఇవే చూసేవాళ్ళు, చెయ్యడానికి ఏమైనా ఉంటే చెప్పకుండా ఉంటారా అని. దాంతో నోరు మూసుకుంటుంది. నేనూ రోజూ ఆ మాట అనుకునే పడుకుంటాను. కాగితం ఇలా ఇవ్వండి, ఎక్కడ పెట్టాలి సంతకం?"

కాగితం ఇచ్చింది గానీ, పెన్ను సంచిలోంచి పైకి రాలేదు. ఇచ్చేస్తే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. ఆవిడ సంతకం పెడుతుంది, కాఫీ కూడా ఇస్తుంది, ఈ రాత్రికీ ఎప్పట్లాగే పడుకుంటుంది. కానీ రేపు ఆ హాల్లో డాక్టర్లు మాట్లాడతారు, ఎల్లుండి పేపర్లో వస్తుంది. అప్పుడు చదువుకుంటుంది, ఇదే దుకాణంలో కూర్చుని. తను పెట్టిన సంతకం ఎందుకు వాడుకున్నారో కూడా.

"సంతకానికి ముందు ఒక సంగతి చెప్పాలమ్మా" అంది మార్కులమ్మ.

చెప్పింది. బిల్లు గురించి, గడుల కాగితం గురించి, చెప్పకూడదన్న నియమం గురించి. ఆ ఫోనుకి నూరు వేసింది తనేనని కూడా చెప్పింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని వివరాలు కూడా చెప్పింది. టైలరమ్మ పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీది దూది దిండులో గుచ్చుతూ వింది. అన్నీ గుచ్చాక అడిగింది.

"అంటే, చెయ్యడానికి ఉంది."

"ఉందమ్మా."

"ఏం చెయ్యాలి?"

మార్కులమ్మ బల్ల మీద అరచేయి మోపి, రెండోది దాని మీద పెట్టి చూపించింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"రెండు ముక్కల్లో చెప్పొచ్చు కదా అయితే."

"చెప్పొచ్చు."

"చేస్తే బతికేవాడా?"

"అది ఎవరూ చెప్పలేరమ్మా. చేసినా పోయినవాళ్ళున్నారు. కానీ ఆ తొమ్మిది నిమిషాల్లో ఆయనకి ఒక అవకాశం ఉండేది."

టైలరమ్మ తన చేతుల వంక చూసుకోలేదు, ఏడవలేదు. దుప్పటి కప్పిన మిషన్ వైపు మాత్రం ఒకసారి చూసింది. ఈసారి మాట్లాడినప్పుడు ‘మీరు’ పోయింది.

"అడిగినప్పుడు చెప్పలేదు. ఇప్పుడు నేను అడగలేదు కదా, ఎందుకు చెప్పావు?"

మార్కులమ్మ బల్ల మీంచి చేతులు తీసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇక్కడ కాలింది వేరేవాళ్ళ చేతులు. రెండేళ్ళుగా ఈ మనిషి తలకింద పెట్టుకుని పడుకున్న మాటని, నిజం పేరు చెప్పి, తను లాగేసింది. చెప్పకపోతే మోసం, చెప్తే ఇది. మొదటే సరిగ్గా చేసి ఉంటే ఈ రెంటిలో ఏదీ ఉండేది కాదు.

గుమ్మంలోకి ఎవరో ఆవిడ వచ్చి, జాకెట్టు రేపటికి అవుతుందా అని అడిగింది.

"రేపు కొట్టు తియ్యనమ్మా. ఎల్లుండి రండి" అంది టైలరమ్మ. తర్వాత చెయ్యి చాపింది, పెన్ను కోసం.

గురువారం శాసనసభ భవనంలో, పొడుగాటి బల్లకి అవతల సంఘం సభ్యులు తొమ్మిదిమంది, ఇవతల డైరెక్టరుగారు, పక్కన మార్కులమ్మ. టైలరమ్మ చివరి వరసలో, మడత నలగని చీర కట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కాల్ వినిపించారు. సెంచరీ గొంతు ఆ పెద్ద గదిలో ఇంకా తియ్యగా వినిపించింది. మూడో ప్రశ్న వచ్చేసరికి సభ్యుల్లో ఒకాయన నీళ్ళ సీసా మూత తిప్పడం ఆపేశాడు. అయిపోయాక డైరెక్టరుగారు గొంతు సవరించుకుని, "కంగారు లేదు, తడబాటు లేదు. ఇదీ మా ప్రమాణం" అన్నారు.

సంఘం అధ్యక్షురాలు మార్కులమ్మ వైపు తిరిగింది. "దీనికి మీ కొలతలో ఎన్ని మార్కులు?"

"నూరండీ. వేసింది నేనే."

"ఇప్పుడైతే?"

సున్నా అనాలని నోటిదాకా వచ్చింది. అంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ సున్నా పడేది మళ్ళీ ఒక ఫోనెత్తే పిల్ల మీదే.

"ఆ పిల్ల మేం చెయ్యమన్నదంతా చేసిందండీ. దానికి నూరే. తప్పు కాగితానిది, దాన్ని ఇదేమిటని అడగకుండా పదకొండేళ్ళు నింపిన నాది. అవతలి మనిషి ఏమయ్యాడో రాయడానికి మా దగ్గర గడి లేదు. ఇలాంటిదే ఇంకో ఫోనులో, ఎలా నొక్కాలో చెప్పి చేయించిన ఉద్యోగికి సున్నా వేశాను. ఆవిడిప్పుడు తాళాలు పంచుతోంది. ఆ రికార్డు కూడా తెచ్చాను. ఆ ఇంటి కొడుకుని పొద్దున్నే అడిగి సంతకం తీసుకున్నాను. వినిపించమంటారా?"

డైరెక్టరుగారి పెన్ను మూత కింద పడి దొర్లింది. ఎవరూ తియ్యలేదు. అధ్యక్షురాలు వినిపించమంది. పెద్దక్క లెక్కపెడుతుంటే, చివరి వరసలో టైలరమ్మ పెదాలు కూడా కదిలాయి.

మధ్యాహ్నానికి సంఘం బిల్లుని సభకి సిఫారసు చేసింది. డైరెక్టరుగారు కారెక్కుతూ, "సోమవారం మాట్లాడుకుందాం" అన్నారు. అందులో ఏముందో మార్కులమ్మకి అర్థమైంది. షెడ్డులో ఇంకొక స్టూలు వేస్తే సరిపోతుంది.

బస్టాపులో టైలరమ్మ ఎదురైంది. ఇంటిదాకా దింపనా అని అడిగితే, నాకు దారి తెలుసు అంది. తర్వాత తనే మాట కలిపింది.

"ఫోనెత్తిన పిల్ల రాలేదేం?"

"డ్యూటీలో ఉందమ్మా."

"దానికి తెలుసా ఇదంతా?"

"బిల్లు సంగతి తెలుసు. తన ఫోను సంగతి ఇలా అని ఇంకా తెలియదు."

"చెప్పకు దానికి. చెయ్యాల్సిందంతా చేశానని అదీ నాలాగే అనుకుని పడుకుంటూ ఉంటుంది."

"చెప్పకుండా కుదరదమ్మా. చట్టం వస్తే అందరికీ నేర్పాలి. మొదటి పాఠంలోనే దానికి ఆ తొమ్మిది నిమిషాలు గుర్తొస్తాయి."

టైలరమ్మ వస్తున్న బస్సు నంబరు చూసి, సంచి భుజానికి తగిలించుకుంది.

"అయితే అప్పుడు నువ్వు దాని పక్కన ఉండు. నిన్న నాకు చెప్పేసి వెళ్ళిపోయావు. ఆ గదిలో ఆ మిషన్‌తో నేనొక్కదాన్నే ఉన్నాను."

బస్సొచ్చింది, ఆవిడ ఎక్కింది, వెనక్కి చూడలేదు.

మార్కులమ్మ ఆఫీసుకి తిరిగొచ్చి మెట్లెక్కలేదు. కింది అంతస్తులోకి నడిచింది. ఆవిడ అక్కడికి రావడం అలవాటు లేక తలలు లేచాయి, భుజాలు సర్దుకున్నాయి. సెంచరీ అప్పుడే ఒక ఫోను ముగించి, చెవి దగ్గర జుట్టు సవరించుకుంటోంది.

"ఏంటి మేడం, ఇకనుంచి పక్కన కూర్చునే మార్కులు వేస్తారా?" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "నా కాల్ వినిపించారట కదా అసెంబ్లీలో. మా అమ్మకి కూడా చెప్పాను. ఏమన్నారు మేడం, బాగుందన్నారా?"

"నీ షిఫ్టు ఎన్నింటికి అయిపోతుంది?"

"నాలుగింటికి. ఎందుకు?"

"అయ్యాక చెప్తాను. మీ అమ్మకి ఫోన్ చేసి కాస్త ఆలస్యమవుతుందని చెప్పు" అంది మార్కులమ్మ. పక్క బల్ల దగ్గర ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని, సెంచరీ పక్కన కూర్చుంది.